పుల్ల మోసుకొచ్చే రెక్కలు

చదవవలసిన భాగం: యోబు 39:26–30

మార్చి సగానికి వచ్చేసరికి, మేరీల్యాండ్, వర్జీనియాలను ఆనుకుని ఉన్న చెసపీక్ అఖాతానికి ఆస్ప్రేలు తిరిగొస్తాయి. మనవైపు కోరమీను గద్ద అనే పక్షి ఇదే. చలికాలంలో కొల్లేటి మీదా పులికాట్ మీదా అది చేపల కోసం నీళ్ళలోకి దూకడం మనలో కొందరు చూసే ఉంటారు. గూడు మాత్రం అక్కడ కట్టదు. మన దగ్గరికి వచ్చేవి ఎండలు ముదిరే వేళకు ఉత్తరాదికి వెళ్ళిపోతాయి. అందుకే ఈ అఖాతం దగ్గర స్థిరపడిన తెలుగువాళ్ళకు దాని సంసారం చూడగలగడం ఒక భాగ్యం.

గూడు కట్టే రోజుల్లో ఫోటో తీయాలనుకునేవాళ్ళు ముందు గాలిని గమనించాలి. పక్షి గాలికి ఎదురుగా వాలుతుంది కాబట్టి, గాలి మన వీపుకు తగిలేలా నిలబడితే అది మనవైపు ముఖం పెట్టి దిగుతుంది. షటర్ వేగం సెకనులో 2,000వ వంతు ఉంటే గానీ రెక్కల కొసలు స్పష్టంగా రావు. పుల్లలు తేవడం ఎక్కువగా మగపక్షి పని, పేర్చుకోవడం ఆడపక్షి పని. మగపక్షి ఎగురుతూనే వచ్చి, ఎండుకొమ్మను రెండు కాళ్ళతో పట్టి, ఒంటి బరువంతా వేసి ఫెళ్ళున విరిచి తీసుకుపోతుంది. ఇంతా చేసి ఆ ఒళ్ళు కిలోన్నర!

నన్ను ఎక్కువగా కదిలించేవి మాత్రం ఫోటోలోకి రాని పుల్లలు. ఎన్నో జారి నీళ్ళపాలవుతాయి. తొలిసారి జతకట్టిన పడుచు పక్షులు కొన్ని, గూడంతా కట్టుకుని కూడా ఆ ఏడు ఒక్క గుడ్డైనా పెట్టవు. గుడ్లు పోగొట్టుకున్న జంటలు ఇంకోచోట మళ్ళీ పుల్లలు పేర్చడం మొదలుపెడతాయి. డి.డి.టి. వల్ల గుడ్ల పెంకులు పలచబడి, పొదుగుతుండగానే చిట్లిపోయిన కాలం ఒకటుంది. అప్పుడూ ప్రతి వసంతంలో ఇవి పుల్లలు మోశాయి. 1972లో అమెరికా ఆ మందును నిషేధించింది. 1970ల తొలినాళ్ళలో ఈ అఖాతం మీద సుమారు 1,450 జంటలుండేవి, ఇప్పుడు అంతకు అనేక రెట్లున్నాయి. పిల్లలు దక్కని ఆ ఏళ్ళన్నిటిలోనూ, కట్టాలనే కోరికను సృష్టికర్త వాటి గుండెల్లోంచి తీసేయలేదు.

యోబు తన పదిమంది బిడ్డలనూ పోగొట్టుకున్నవాడు. అలాంటి తండ్రితో దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడుతూ, గద్ద ఎత్తున గూడు పెట్టుకునేది నీ మాట విని కాదు కదా అన్న అర్థంతో ప్రశ్నిస్తాడు, దాని పిల్లల ఊసూ ఎత్తుతాడు. వినడానికి కఠినంగానే ఉంటుంది. అయితే ఆయన యోబుకు దూరంగా ఉండి ఆ మాట అనలేదు. ముప్ఫై ఏడు అధ్యాయాల మూలుగంతా విన్నాక, దగ్గరికొచ్చి, తాను రోజూ చూసుకునే గూళ్ళను అతనికి చూపించాడు. ఖాళీ అయిన ఆ ఇల్లు కూడా ఆయన కళ్ళ ముందే ఉందని నేను నమ్ముతున్నాను.

కెమెరా పట్టుకున్నవాళ్ళకూ పక్షి మీద పెత్తనం లేదు. కాళ్ళలో పుల్ల పెట్టుకుని, గూటి మీద వాలకుండా అరుస్తూ చుట్టూ తిరుగుతోందంటే మనం మరీ దగ్గరికి వెళ్ళామన్నమాట. ఫోటో పోతే పోయింది, వెనక్కి నడవాలి. గట్టున గాలం దారాలు కనబడితే ఏరి తీసుకుపోవాలి కూడా. పుల్లలతో పాటు అవీ గూట్లోకి చేరి, పిల్లల కాళ్ళకు చుట్టుకుని ప్రాణం తీస్తాయి.

ప్రార్థన: తండ్రీ, ఈ ఏడు ఎంత కష్టపడినా చేతికేమీ దక్కనివారిని జ్ఞాపకం చేసుకో. బిడ్డ కోసం కనిపెట్టుకుని ఉన్న దంపతులను, వీసా కాగితం కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్న కుటుంబాలను, పదిమంది కూడా రాని సంఘాన్ని విడువక నడుపుతున్న కాపరులను బలపరచు. రేపు మళ్ళీ పనికి లేచే శక్తి వారికివ్వు. యేసు నామంలో, ఆమేన్.