కాలిన ఆయిల్ ఎవరిది?

బండి సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు మనం అడిగేది ఒక్కటే: "ఎంతైంది?" డబ్బులిచ్చి కొన్న ఆయిల్ నల్లబడగానే మనది కాకుండా పోతుంది. నిజంగా పోతుందా అన్నది నా సందేహం.

స్టేషన్ ఘన్‌పూర్ లాంటి ఊళ్ళో ఇది పైకి వృథాగా కనబడదు. హైదరాబాద్-వరంగల్ రోడ్డు మీది ఊరు. బైకులు, ఆటోలు, ట్రాక్టర్లు. మన వైపు ఊళ్ళల్లో షెడ్డులో పట్టిన కాలిన ఆయిల్ సెంట్రింగ్ చెక్కలకు పోతుంది. చెద పట్టకుండా వాసాలకు పూస్తారు. మిగిలింది కొనేవాళ్ళు పట్టుకుపోతే కొంత ఏ బట్టీలోనో మండుతుంది.

ఏదీ పారెయ్యగూడదన్నది మన పెద్దల నీతి. పేడ పిడకైంది, చిరిగిన చీర బొంతైంది. ఆ నీతికి ఒక షరతుంది, పైకి చెప్పాల్సిన అవసరం వాళ్ళకు రాలేదంతే: అవన్నీ చివరికి మట్టిలో కలిసేవి. కాలిన ఆయిల్ అట్లా కలవదు. ఇంజన్ అరిగి రాలిన లోహపు పొడి, క్యాన్సర్ తెచ్చే రసాయనాలు అందులో ఉంటాయి. చెక్కకు పూస్తే వానకు కొంత నేలలోకి దిగుతుంది. బట్టీలో కాలిస్తే లోహాలు పొగలో, బూడిదలో తేలతాయి. పొదుపు అనుకుంటూ మనం చేస్తున్నది విషాన్ని పంచడమే. దేవాదుల నుంచి గోదావరి నీళ్ళను మోటార్లతో ఎత్తి ఘన్‌పూర్ రిజర్వాయర్‌కు తెచ్చుకున్న నేల ఇది.

అసలైన పొదుపు వేరే ఉంది. ఆయిల్ అరిగిపోదు, మురికవుతుంది. శుద్ధి చేస్తే మళ్ళీ ఆయిలే అవుతుంది. కాకపోతే అందులో నీళ్ళు, పెట్రోలు, కూలెంట్ కలవగూడదు. మూతున్న డబ్బాలో విడిగా ఉండాలి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు దీన్ని అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలంటాయి. 2023లో చేసిన సవరణ, 2024 ఏప్రిల్ 1 నుంచి, ఆయిల్ తయారుచేసేవాళ్ళ మీదా బాధ్యత పెట్టింది. లాభం తీసుకున్నవాడే బరువూ మొయ్యాలనడం న్యాయమే.

కానీ ఆ బరువు మొదట పడేది షెడ్డులో పిలగాని చేతుల మీద. గ్లౌజులుండవు, మరక పోవడానికి సబ్బు బదులు పెట్రోలు. చిన్న షెడ్డులో నిండిన ఒక్క డబ్బా కోసం అంత దూరం నుంచి రీసైక్లర్ ఎందుకొస్తాడు? మెకానిక్ రెండు పైసలెక్కువిచ్చినోనికి అమ్ముతాడు. తప్పంటామా? మనమూ రెండు పైసలు తక్కువ తీసుకునే షెడ్డుకే పోతాం కదా.

నా ఒక్క లీటరుతో ఏమైతది అనొచ్చు. ప్రతి బండికీ ఆ ఒక్క లీటరే. ఏ చెరువూ ఒకరి పేరు మీద పాడవదు, అందుకే ఎవరికీ సిగ్గనిపించదు. వాడుకున్న సుఖం నాదైనప్పుడు మిగిలిన మడ్డి కూడా కొంత నాదే. షెడ్డులో మూతున్న డబ్బా, ఒక జత గ్లౌజులు, ఒక సబ్బు ఉండాలంటే బిల్లు మీద ఇంకో పది రూపాయలు పడొచ్చు. ఆ పది రూపాయలు మెకానిక్ అడగకముందే మనమే ఇవ్వాలనుకుంటాను.