వెనక సీట్లో పరీక్షాధికారి

రెండేళ్ళ కిందటి మాట. మా అమ్మాయికి డ్రైవింగు నేర్పే మాస్టారు ఓ సాయంత్రం పాఠం అయ్యాక గుమ్మం దాకా వచ్చారు. కెన్యాలో పుట్టిన గుజరాతీ పెద్దమనిషి. హారోలో మా వీధి పిల్లల్లో సగం మంది ఆయన శిష్యులే. "వచ్చే వారం కారు వెనక సీట్లో ఒక పరీక్షాధికారి కూర్చుంటారు. పరీక్ష నాకే, మీ అమ్మాయికి కాదు. మీకేమైనా అభ్యంతరమా?" అని అడిగారు.

ఈ దేశంలో డ్రైవింగు నేర్పేవాళ్ళ పేర్లకు ప్రభుత్వ రిజిస్టరు ఉంది. అందులో పేరు నిలవాలంటే నాలుగేళ్ళలో ఒకసారైనా ఈ తనిఖీకి నిలబడాలి. 2014 నుంచి ఉన్న పద్ధతి ప్రకారం 17 అంశాలు, ఒక్కోదానికి 3 మార్కులు, మొత్తం 51. 43 నుంచి 'ఎ', 31 నుంచి 42 దాకా 'బి', అంతకు దిగితే తప్పినట్టే. మూడుసార్లు తప్పితే పేరు కొట్టేస్తారు. మాస్టారు అప్పటికే ఒకసారి తప్పారు. ఆ మాట ఆయనే చెప్పారు.

ఏ శిష్యుణ్ణి తీసుకెళ్ళాలన్నది మాత్రం ఆయన ఇష్టమేనట. మా అమ్మాయేమో ఎత్తు మీద క్లచ్ వదలగానే బండి ఆపేసే రకం. "మరి మా పిల్లే ఎందుకండీ?" అన్నాను. "అన్నీ వచ్చినవాడికి నేను నేర్పేదేముంది?" అని నవ్వారు.

మా ఆవిడకి నచ్చలేదు. "ఆయన పని నిలబెట్టుకోవడానికి మన పిల్ల కావాలా? అది ఇంకా బెదిరిపోతుంది" అంది. అందులో న్యాయం ఉంది. అడిగి ఒప్పించాం కదా అనడం తేలికే గాని, పదిహేడేళ్ళ పిల్ల మాస్టారి మాట కాదనగలదా? కనుక్కుంటే, ఆయన ముందు దాన్నే అడిగారట. "ఇప్పుడే చెప్పకు, ఇంట్లో మాట్లాడు" అన్నారట.

నా బుర్ర మాత్రం మా ఊరి హైస్కూలుకి పోయింది. డీఈవో గారు తనిఖీకి వస్తున్నారనగా, ముందురోజు మా లెక్కల మాస్టారు చదివేవాళ్ళని ముందు బెంచీల్లోకి మార్చి, ఓ ఐదుగురితో "రేపు ఇంటి దగ్గరే ఉండండిరా" అన్నారు. నేను ముందు బెంచీ. రోజూ నా పక్కన కూర్చునేవాడు ఆ ఐదుగురిలో ఒకడు. తనిఖీ బ్రహ్మాండంగా జరిగింది. డీఈవో గారు నా భుజం కూడా తట్టారు. ఆ మాస్టారిని తప్పుపట్టే అర్హత నాకుందా? క్లయింటుకి డెమో ఇచ్చేటప్పుడు ప్రోగ్రాము ఎక్కడ నొక్కితే పడిపోతుందో నాకు తెలుసు. అటు మౌసు పోనివ్వను.

డెమో అంటే గుర్తొచ్చింది. మా హారోలో గ్రోవ్ హిల్ అని నిటారు వాలు ఉంది. 1899 ఫిబ్రవరి 25న ఎడ్విన్ సూయల్ అనే ఆయన, కొనేవాళ్ళకి చూపించడానికి డెయిమ్లర్ బండిని ఆ వాలు మీద దింపుతుంటే వెనక చక్రం విరిగింది. ఆయన అక్కడే పోయాడు. బండి చూడ్డానికొచ్చిన మేజర్ రిచర్ కొద్దిరోజుల్లో పోయాడు. నడిపేవాడు చనిపోయిన కారు ప్రమాదాల్లో ఈ దేశపు రికార్డుల్లో మొదటిది అదే. అక్కడ ఫలకం కూడా పెట్టారు.

ఆ 17 అంశాలూ తెప్పించుకుని చదివాను. ప్రమాదం బాధ్యతని ఇద్దరూ ఎలా పంచుకుంటారో శిష్యుడికి పూర్తిగా అర్థమైందా అన్నది ఒకటి. మిగతావి ఎంత బాగున్నా, ప్రమాదాలకి సంబంధించిన విభాగంలో 7 మార్కులు దాటకపోతే తప్పినట్టే. పంచుకోవడం అన్నారు చూడండి. బ్రేకు ఎవరు తొక్కాలి, ఎప్పుడు తొక్కాలి, ముందే మాట్లాడుకోవాలి. మా తనిఖీ రోజున బాధ్యతంతా ఇంటి దగ్గర ఉన్న ఆ ఐదుగురే మోశారు.

అమ్మాయి వెళ్ళింది. ఎత్తు మీద బండి రెండుసార్లు ఆగిందట. రెండోసారి మాస్టారు "ఏం జరిగిందనుకుంటున్నావ్?" అని అడిగి, వెనక కార్లు హారన్ కొడుతున్నా అది జవాబు చెప్పేదాకా ఆగారట. ఆయనకి 'బి' వచ్చింది. అమ్మాయికి లైసెన్సు మూడో ప్రయత్నంలో వచ్చింది.

నా పక్క బెంచీవాడు ఇప్పుడు ఊళ్ళో ఆటో నడుపుతున్నాడు. కిందటిసారి వెళ్ళినప్పుడు స్టేషన్ నుంచి వాడే దింపాడు, డబ్బులు తీసుకోలేదు. ఆ తనిఖీ రోజు ఇంటి దగ్గర ఏం చేశావురా అని అడగాలనుకున్నాను. ఇల్లు వచ్చేసింది.