ద్వేషము లేని దోషము

ఇంటి నుండియే బ్యాంకు ఖాతా తెరచు విధానము వచ్చిన పిమ్మట, ఖాతాదారుడు కెమేరా ముందు నిలిచి కన్నార్పవలెనను నియమమొకటి ఏర్పడినది. పరుల ఛాయాచిత్రమును కెమేరాకు జూపి మోసగించువారున్నారు గనుక, ఎదుటనున్నది పటము కాదు, ప్రాణముగల మనిషియేయని యంత్రము ఈ విధముగా నిర్ధారించుకొనును. ఏర్పాటు సహేతుకమైనదే. దానిని కల్పించినవారికి ఎవ్వరిమీదను ద్వేషము లేదు.

2023వ సంవత్సరమున ఆమ్లదాడికి గురియైన యొక స్త్రీ ఖాతా తెరచుటకు ఒక బ్యాంకునకు వెళ్ళినది. దాడి వలన ఆమె కనుఱెప్పలు చెడిపోయినవి. యంత్రము కన్నార్పుమని కోరినది, ఆమె ఆర్పలేకపోయినది. మనుష్యుల యెదుట మాటలాడుచున్న ఆమె బ్రదికియున్నట్లు ఋజువు కాలేదు!

తరువాత బ్యాంకువారు ఆమెకు మినహాయింపునిచ్చిరి. అయినను ఆమె, తనవంటి మరికొందరితో గూడి సుప్రీంకోర్టు నాశ్రయించినది. పని నెరవేరిన పిమ్మట వ్యాజ్యమేల యని కొందరికి తోచవచ్చును. విచారింపదగినది ఇచ్చటనే యున్నది. మినహాయింపు అనునది ఇచ్చువాని దయ. దయ శ్లాఘ్యమే గాని, అది ఒక అధికారి మనసు ననుసరించి యుండును. అతడు బదిలీయైనచో అదియు బదిలీయగును. పైగా దయను పొందవలెనన్న ప్రతిసారియు తన గాయమును జూపి అర్థింపవలెను. అందరును తిన్నగా నడచిపోవు వాకిట ఒకరు మాత్రము చేతులు జోడించి నిలువవలసివచ్చుట సహాయము కాదు, అవమానము. 2025 ఏప్రిల్ 30వ తేదీన న్యాయస్థానము తీర్పు చెప్పుచు, ఇట్టి సేవలను అందుకొనుట రాజ్యాంగము 21వ అధికరణము క్రింది జీవించు హక్కులో అంతర్భాగమని ప్రకటించి, ఇరువది ఆదేశములు జారీచేసినది. కన్నార్పుట యొక్కటియే గాక ఇతర మార్గములును ఉండవలెననుట వానిలో ఒకటి. చూపులేని యొక న్యాయవాది అర్జీయు ఆ తీర్పునందే పరిష్కృతమైనది.

ఇక, బుద్ధిపూర్వకముగా చేయనిదానికి దోషమెట్లు అంటునని ప్రశ్న. నిర్మించువాడు తనవంటి వానినే ఊహించుకొని నిర్మించును. ఆ ఊహలో చూపులేనివాడు, చెవి వినబడనివాడు, వ్రేళ్ళు వంగనివాడు లేకపోవుట తొలినాడు అజ్ఞానము. ఎవరో వచ్చి ఇది నాకు తెరచుకొనుటలేదని చెప్పిన మరునాడు గూడ అట్లే యుంచినచో దానికి ఉపేక్షయని పేరు. అజ్ఞానమును క్షమింపవచ్చును. ఈ విషయమున మాకెవ్వరును చెప్పలేదనుటకు వీలులేదు. వెబ్‌సైట్లు అందరికిని అందునట్లు ఎట్లు నిర్మింపవలెనో తెలుపు అంతర్జాతీయ సూత్రములు 1999లోనే వెలువడినవి. మన దేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము దీనిని ప్రభుత్వ బాధ్యతగా జేసినది. అట్టివారు కొలదిమందియే గదా యనువారికి 2011 జనాభా లెక్కలలోని 2 కోట్ల 68 లక్షల సంఖ్యను చూపవచ్చును గాని, ఆ వాదమును సంఖ్యతో ఖండించుట అనవసరము. ఒక్కరే యున్నను వాకిలి వాకిలియే.

వ్యయము మిక్కుటమనుట సగము సత్యము. గోడ లేచిన తరువాత ద్వారము పెట్టుట కష్టమే. పునాదినాడు ఖర్చు స్వల్పము. బొమ్మ క్రింద దాని వివరమును నాలుగు మాటలలో వ్రాయుటకు ఎంత వ్యయమగును?

మన తెలుగువారి దోషమొకటి ప్రత్యేకముగా నున్నది. తెరమీది అక్షరములను బిగ్గరగా చదివి వినిపించు సాధనములు కలవు. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ అను అంధుడు 2006లో ఆరంభించిన ఎన్.వి.డి.ఎ. ఉచితముగా లభించును, తెలుగును గూడ చదువును. కాని అచ్చుపనికై వాడెడి పాత ఫాంటులలో కంటికి తెలుగువలె కనబడునది లోపల ఇంగ్లీషు అక్షరముల గుంపు మాత్రమే. సాధనము దానిని చదివినచో అర్థములేని ధ్వనులు వినబడును. అదే విషయమును యూనికోడ్ లిపిలో ఉంచినచో తెలుగుగా వినబడును. ఇక పత్రమును ఫోటో తీసి ఉంచినచో సామాన్యముగా నిశ్శబ్దమే.

ప్రభుత్వ కార్యాలయములను నిందించుటకు ముందు సంఘములును, మఠములును, పత్రికలును తాము పంపెడి ఆహ్వానములను జూచుకొనవలెను. ఉత్సవ ప్రకటన రంగురంగుల బొమ్మగా మొబైలులో చేరును. తేదీ, స్థలము, భోజన సమయము అన్నియు బొమ్మలోనే యుండును. చూపులేని పెద్దవాడు దానిని తాకగా యంత్రము చెప్పునది ఒక్కటే మాట: "చిత్రము". ఆయన మనుమడు బడినుండి వచ్చువరకు కాచుకొనియుండి, పండుగ ఏనాడో అడిగి తెలిసికొనును.