సీతారామంలో నూర్జహాన్

‘సీతారామం’ చూసి మా ఇంట్లో ఆడవాళ్లమంతా ఏడ్చాం. 1964 నాటి ఉత్తరాలు, కాశ్మీరు మంచు, రైలు ప్రయాణం. నాకెవరూ లేరని లెఫ్టినెంట్ రామ్ రేడియోలో చెబితే ఊరూరి నుంచీ జాబులు రావడం, వాటిలో ఒకటి భార్యనంటూ సీతామహాలక్ష్మి పేరుతో ఉండడం. హను రాఘవపూడి 2022లో తీసిన ఈ సినిమాలో ఆ సీత అసలు పేరు నూర్జహాన్, హైదరాబాదు యువరాణి. హిందువు రామ్‌గా వేసింది ముస్లిం నటుడు, మమ్ముట్టి కొడుకు దుల్కర్ సల్మాన్; ముస్లిం నూర్జహాన్‌గా హిందూ నటి మృణాల్ ఠాకూర్. నటుల మధ్య అంత హాయిగా కుదిరిన ఇచ్చిపుచ్చుకోవడం కథలో కుదరలేదేమని నా బాధ.

పేరు దాచడానికి ఆమెకు కారణముంది, కాదనను. మహల్లో పెరిగిన పిల్ల సైనికుడికి ఉత్తరం రాస్తూ సొంత పేరు పెడుతుందా? కానీ హాల్లో మనం వలచింది సీతనే. నూర్జహాన్ దువాలో రామ్ పేరు తలచుకునేదా, అల్లాతో పోట్లాడేదా? నాకైతే ఆ మనిషి తెర మీద కనబడలేదు.

వేరే మతం మనిషిని ప్రేమించడమంటే ఆమెను ఆమెగా ప్రేమించడమా, మన ఇంట్లో ఇమిడేంత మేరకేనా? ఈ ప్రశ్న సినిమాకన్నా చాలా పాతది. మా కడపలో ఉగాదినాడు ముస్లింలు దేవుని కడప గుడికి వెళ్తారు. బీబీ నాంచారి మా ఆడపిల్ల, వెంకటేశ్వరుడు మా అల్లుడు. అల్లుడింటికి ఉత్త చేతులతో పోతామా అంటూ మా నానీ బెల్లం, కొబ్బరికాయ సంచిలో వేసుకునేది. ఢిల్లీ సుల్తాను కూతురు దేవుణ్ణి వలచి వచ్చిందని కథ. వచ్చినా ఆమె పేరులోంచి బీబీ పోలేదు. శ్రీరంగంలో అయితే ఆమె కోసం రంగనాథుడికి రొట్టెలు నైవేద్యం పెడతారు. భార్య కోసం తిండి మార్చుకున్న దేవుడు! అక్కడా పుట్టిల్లు వదిలింది పిల్లే అనుకోండి. ఢిల్లీలోనే ఇల్లరికం ఉండిపోయిన దేవుడి కథ నేను వినలేదు.

సినిమాలో మిగతా ముస్లింలను చూడండి. పాకిస్తాన్ నుంచి కాశ్మీరుకు పంపిన కుర్రాళ్లు. ఇండియా పేరెత్తితే మండిపడే పాకిస్తానీ అమ్మాయి అఫ్రీన్. చిన్నప్పుడు తనను కాపాడింది రామేనని తెలిశాకే ఆ పిల్ల మనసు కరుగుతుంది. ముస్లిం మంచి మనిషి అనిపించుకోవాలంటే ఎవరికో రుణపడి ఉండాలా? హైదరాబాదులో ఆ రోజుల్లో ఎందరు ముస్లిం గుమాస్తాలు, దర్జీలు, బడిపంతుళ్లు! కథను నడిపే పాత్రల్లో అలాంటివాళ్లు ఒక్కరూ లేరు.

కాశ్మీరూ అంతే. 1963 డిసెంబరు చివర హజ్రత్‌బల్ దర్గా నుంచి ప్రవక్త కేశం మాయమైతే, శ్రీనగర్ వీధుల్లో ముస్లింలతో పాటు హిందువులూ సిక్కులూ నడిచారు. జనవరిలో అది దొరికింది. పాత రోజుల మీద మమకారంతో సినిమా తీసేవాళ్లకు ఆ శీతకాలం ఎందుకు గుర్తు రాదో!

ఇక పెళ్లి మాట. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నెల రోజుల నోటీసు ఇచ్చి, ఎవరి మతంలో వాళ్లుంటూ, ఎవరి పేరు వాళ్లు పెట్టుకునే పెళ్లాడవచ్చు. రామ్, నూర్జహాన్ కలిసేనాటికి ఆ చట్టం వచ్చి పదేళ్లు.