ప్రవాసంలో ఆతిథ్యధర్మం: అకుల, ప్రిస్కిల్ల దంపతులు

ఆతిథ్యాన్ని గృహస్థధర్మంగా చెప్పే మన సంప్రదాయం గృహస్థుకు స్థిరమైన ఇల్లు ఉంటుందనే భావిస్తుంది. పరదేశంలో కాపురం చేసే దంపతులకు ఆ ధర్మం ఎంతవరకు వర్తిస్తుంది? కొత్త నిబంధనలోని అకుల, ప్రిస్కిల్లల జీవితం ఈ ప్రశ్నను పరిశీలించడానికి తగిన ఆధారం.

అకుల పొంతు ప్రాంతపు యూదుడు. క్లౌదియ చక్రవర్తి యూదులను రోము విడిచి పొమ్మని ఆజ్ఞాపించినందువల్ల భార్యతో కొరింథు చేరాడు. వారిది డేరాలు కుట్టే వృత్తి. అదే వృత్తి ఎరిగిన పౌలు వారి ఇంట ఉండి, వారితో కలిసి పనిచేశాడు. అనంతరం ఎఫెసులో వారు అపొల్లోకు బోధించారు. అక్కడా, తిరిగి రోములోనూ వారి ఇంట విశ్వాసుల సంఘం కూడేదని పౌలు లేఖలు తెలుపుతున్నాయి. జీవనోపాధి, అతిథిసేవ, ఆరాధన ఒకే కాపురంలో ఇమిడాయి.

సంఘానికి చోటివ్వగలిగారు గనుక వారు సంపన్నులేననీ, ఆతిథ్యానికి మూలం సంపదేననీ ఆక్షేపించవచ్చు. సంపద చోటు సమకూర్చగలదు, నిజమే. కాని ఒక్క ఆజ్ఞతో ఇల్లు విడవవలసి వచ్చిన అనుభవం మనిషిని తలుపు మూసుకొనేలా కూడా చేయగలదు. వారు తెరిచే ఉంచారు. ఆ నిర్ణయానికి సంపద చాలిన కారణం కాదు.

ఇది దంపతులిద్దరి నిర్ణయం కూడా. కొత్త నిబంధనలో వారి పేర్లు ఎక్కడా విడివిడిగా కనిపించవు. కొన్నిచోట్ల ప్రిస్కిల్ల పేరే ముందుంటుంది. కనుక ఆతిథ్యం స్థిరనివాసం వల్ల సంక్రమించే బాధ్యత మాత్రమే కాదు. నిలకడలేమిని ఎరిగిన ఇద్దరు కలిసి స్వీకరించగల ధర్మం.