పార్కు తాళంచెవి ఎవరి చేతిలో?

నగరంలో ఒక పార్కు, ఒక వీధి మలుపు, ఒక సంతస్థలం ఎలా ఉండాలో ఎవరు నిర్ణయించాలి? నక్షా గీసే ఇంజనీరా, సాయంత్రం అక్కడ కూర్చునే ముసలాయనా? ఇది పరిపాలనకు మాత్రమే సంబంధించిన ప్రశ్న అనుకోకండి. ఇది న్యాయానికి సంబంధించిన ప్రశ్న.

1931లో 11వ పయస్ పోపుగారు 'క్వద్రజేసిమో ఆన్నో' అనే విశ్వలేఖలో ఒక సూత్రం చెప్పారు. చిన్న సమూహం తానుగా చేసుకోగల పనిని పెద్ద వ్యవస్థ లాగేసుకోవడం అన్యాయం. లాటిన్‌లో 'సుబ్సిదియుం' అంటే సహాయం. పైవారు కిందివారికి ఆసరా కావాలే గాని వారి స్థానంలో తాము కూర్చోరాదు.

న్యూయార్క్‌లో జరిగిన సంగతి వినండి. అక్కడి వాషింగ్టన్ స్క్వేర్ పార్కు మధ్యనుండి మోటారు రోడ్డు వేయాలని రాబర్ట్ మోసెస్ తలపెట్టారు. విచిత్రమేమంటే, ఆయన ఆ నగర పార్కుల కమీషనరు! 1952లో షర్లీ హేస్ అనే తల్లి ఇరుగుపొరుగు వారిని కూడగట్టి ఎదురు నిలిచింది. రచయిత్రి జేన్ జేకబ్స్ కూడా వారితో చేయి కలిపింది. 1958లో ఆ పార్కులో కార్ల రాకపోకలు ఆపివేశారు. ఆ తల్లులు నగర నిర్మాణ శాస్త్రం చదివినవారు కారు. బంతి వెంట పిల్లవాడు ఎటు పరుగెత్తుతాడో మాత్రం వారికి తెలుసు.

అయితే కిందినుండి వచ్చినదంతా మంచిదేనా? తొందరపడి అవుననకండి. మన కాలనీ సంఘం పోరాడి పార్కు సాధించిందనుకుందాం. మరునాడే గేటు పెట్టి, తాళం వేసి, బజ్జీల బండి ఆమెను వెళ్ళగొట్టిందనుకుందాం. ఆమె దృష్టిలో ఇప్పుడు 'పైవారు' ఎవరు? మోసెస్ చేతిలో నక్షా ఉండేది, మన చేతిలో తాళంచెవి ఉంది. (మన గుడి ఆవరణల గేట్ల సంగతి మరో వారం మాట్లాడుకుందాం.)

ఇక్కడే ప్రభుత్వం అవసరం పడుతుంది. బలహీనుని పక్షాన నిలవడం కూడా సహాయమే కదా! 2014లో పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులు తమలోనుండి ఎన్నుకున్నవారే ఉండాలి. వారిలో మూడోవంతు స్త్రీలు. పైనుండి వచ్చిన చట్టమే కిందివారికి కుర్చీ వేసింది. ఆ కుర్చీ నిజంగా వేశారా లేదా అన్నది ఊరూరా అడగవలసిన ప్రశ్న. 2015లో ఫ్రాన్సిస్ పోపుగారు 'లౌదాతో సీ'లో, బహిరంగ స్థలాలకు రూపకల్పన చేసేటప్పుడు అక్కడ నివసించేవారి అభిప్రాయం తీసుకోవాలని బోధించారు.

మీలో చాలామంది కాలనీ సంఘాలలో సభ్యులు. వచ్చే సమావేశానికి ఆ బండి ఆమెను పిలవండి. నూనె పొగపై మీ అభ్యంతరం సబబే కావచ్చు. దానిని ఆమె ఎదుటనే చెప్పండి. తర్వాత ఆమె చెప్పేది పూర్తిగా వినండి, తీర్మానం ఆ తర్వాతనే రాయండి.