కొత్త ఇంటికి పిట్టగోడ



ఇరవయ్యో శతాబ్దపు మొదటి సంవత్సరాలలో విజ్ఞానశాస్త్రము లోకపు రూపురేఖలే మార్చింది. 1901లో మార్కోనీ తీగ లేకుండా అట్లాంటిక్ సముద్రము మీదుగా సంకేతము అందుకున్నాడు. 1903లో రైట్ సోదరులు విమానము ఎగురవేశారు. ఇవన్నీ దూరదేశాల ముచ్చట్లని మనం అనుకుంటాం. కాని అప్పట్లో లోకమంతా మెచ్చుకున్న పని ఒకటి మన పొరుగునే జరిగింది. బాగలూరు నుండి మాలూరు, బంగారుపేట మీదుగా వెళ్తే కోలారు బంగారు గనులు వస్తాయి. 1902 జూన్ 30న కావేరి మీది శివనసముద్రము జలపాతము దగ్గర తీసిన కరెంటు, సుమారు 92 మైళ్ళు తీగల మీద నడిచి, ఆ గనులకు చేరింది. అంత దూరము కరెంటు పంపడము ఆనాడు లోకములోనే అరుదు. దీనికి పూనుకున్న మైసూరు దివాను శేషాద్రి అయ్యర్ అది చూడకుండానే 1901లో కన్నుమూశారు.

ఆ కరెంటు ముందుగా ఎవరికి అందింది? రాయి దంచే మిల్లులకు, డ్రిల్లులకు గాలి పంపే కంప్రెసర్లకు అందింది. బెంగళూరు వీధిలో దీపము వెలిగింది 1905 ఆగస్టు 5న. చుట్టుపక్కల పల్లెల్లో అనేకము మరికొన్ని దశాబ్దాలు కిరసనాయిలు బుడ్డీలతోనే గడిపాయి.

గనిలో దిగినవారు ఎవరు? తమిళ జిల్లాల నుండి, చిత్తూరు వైపు నుండి కూటికోసం వలస వచ్చినవారు. వారిలో చాలామంది దళితులు. యంత్రము రాతిని తొలిచినప్పుడు లేచే సన్నని దుమ్ము ఊపిరితిత్తులలో పేరుకుంటుంది. అదే సిలికోసిస్ అనే రోగము. ఒకసారి పట్టుకుంటే దానిని పూర్తిగా నయము చేసే మందు ఈనాటికీ లేదు. 1940లలో కోలారు గని కార్మికులను పరీక్షిస్తే పదిమందిలో నలుగురికి పైగా ఆ జాడ కనిపించింది. ఇది ఎవరికీ తెలియని రోగమా? కాదు. దక్షిణాఫ్రికా బంగారు గనులలో ఈ రోగాన్ని గూర్చి 1902–03లోనే ప్రభుత్వ సంఘము విచారణ జరిపింది. అంటే కోలారుకు కరెంటు వచ్చిన కాలమూ, దుమ్ము ప్రాణము తీస్తుందని లోకానికి తెలిసిన కాలమూ ఒకటే.

ఇక్కడ కొందరు ఒక మాట అంటారు. "గనులు లేకపోతే ఆ తీగ వచ్చేదే కాదు. ఆ తీగ వల్లనే తరువాత లక్షల ఇళ్ళలో దీపాలు వెలిగాయి. మొత్తం మీద లాభమే గదా?" ఈ మాటలో నిజము ఉన్నది, మేము కాదనము. విజ్ఞానము దేవుడు మనిషికిచ్చిన వరమే. కాని ఈ లెక్కలో ఒక చిక్కున్నది. దీపము కింద చదువుకున్నవాడు ఒకడు, ఊపిరి ఆడక కూలిపోయినవాడు మరొకడు. ఒకని వెలుగును చూపి మరొకని ఊపిరిని ఖాతాలో కొట్టివేసే అధికారము ఎవరికున్నది?

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనము తీసి చూడండి. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని, లేకుంటే పడి చచ్చినవాని రక్తాపరాధము ఆ ఇంటి మీద ఉంటుందని ధర్మశాస్త్రము చెప్తున్నది. గమనించండి, మిద్దె వద్దని దేవుడు అనలేదు. ఎవరైనా పడిన తరువాత గోడ కట్టమనీ అనలేదు. ఇల్లు కట్టేటప్పుడే కట్టమన్నాడు. ప్రతి కొత్త యంత్రమూ ఒక కొత్త మిద్దె వంటిదే.

పిట్టగోడ కట్టడము సాధ్యమేనని మన సంఘ చరిత్రే చెప్తుంది. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకము తానే కాంట్రాక్టుకు తీసుకున్నారు. బోధకులనే పనిమీద పర్యవేక్షకులుగా పెట్టి, ఆకలితో ఉన్నవారికి కూలి చేతికందేటట్లు చూశారు. కాలువ తవ్వకము సాగింది, మనిషీ బ్రతికాడు.

కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడ్డాయి. దుమ్ము మాత్రము పోలేదు. మన కృష్ణగిరి జిల్లాలో గ్రానైటు క్వారీలున్నాయి, రాయి కోసే యూనిట్లున్నాయి. హోసూరు ఫ్యాక్టరీలలో ప్రెస్సుల ముందు నిలబడే బిడ్డలు మన సంఘాలలోనే ఉన్నారు. నీళ్ళు పోస్తూ రాయి కోస్తే దుమ్ము చాలామట్టుకు అణుగుతుంది. ప్రెస్సుకు గార్డు బిగిస్తే చెయ్యి దక్కుతుంది. పని కొంత నిదానమవుతుందని వాటిని తీసేసే చోట్లూ ఉన్నాయి. సూపర్‌వైజరుగా ఉన్న సహోదరుడా, కాంట్రాక్టు కూలీని ఆ యంత్రము దగ్గరికి పంపే ముందు పిట్టగోడ ఉన్నదో లేదో చూడు. అక్కడ నీ కన్నకొడుకును నిలబెట్టగలవా అని నిన్ను నీవే అడుగు. పనిచేసే తమ్ముడా, చెల్లీ, గార్డు అడగడము తిరుగుబాటు కాదు. అది వాక్యము నీకిచ్చిన హక్కు.

సంఘముగా మనకూ పని ఉన్నది. దగ్గుతో మంచము పట్టినవాని ఇంటికి ప్రార్థనకు వెళ్తాం, మంచిదే. అతడు ఏ పనిలో ఉండేవాడో కూడా అడుగుదాం. ఆ సంగతి డాక్టరుకు చెప్పిద్దాం. నష్టపరిహారపు కాగితాలు రాయడములో చదువుకున్నవారు తోడు నిలుద్దాం.

మన చేతి కింద పనిచేసేవారి రక్తాపరాధము మన ఇండ్ల మీదికి రాకుండ ప్రభువు మనలను కాపాడును గాక. ఆమేన్.